ఉపవాసం రోజు మాత్ర

డ్యూటీ ఎక్కడానికి ఇంకా రెండు వారాలు ఆగమన్నారు. ఇంట్లో ఉత్తగా కూర్చుంటే నా చేతులు ఊరుకోవు. మొన్న శుభ్రంగా తిరుగుతున్న మిక్సీని విప్పాను, లోపల ఎట్లా ఉంటుందో చూద్దామని. మా ఆవిడ వినోద వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"నీకో దండం. గా సామాన్ల జోలికి వోకు. గంతగనం ఏమన్న జెయ్యాలనిపిస్తే కూసోని నీ జ్వరం కథ రాయరాదు? నలుగురికి పనికొస్తది" అని పాత నోటుబుక్కు ఒకటి నా ముందు పడేసింది.

నలుగురికి పనికొస్తుందో లేదో తెలియదు. నాకు మాత్రం రాస్తేనే మనసు కుదుటపడేట్టు ఉంది. ఎందుకంటే ఈ కథలో దోమ చేసిన తప్పు కొంచెమే. మిగతాదంతా నా నిర్వాకం.

నా పేరు ప్రభుదాసు. నాచారం పారిశ్రామికవాడలో ఇరవై రెండేళ్ళుగా ఫిట్టర్‌ని. ఆదివారం వస్తే మా గల్లీ చర్చిలో మైకు సెట్టు నా చేతి కింద ఉంటుంది. ఏ యంత్రం చూసినా ఇది ఎట్లా నడుస్తుంది, ఎందుకు ఆగిపోతుంది అన్న ప్రశ్నే నాకు ముందు వస్తుంది. పోయిన ఏడాది చివర మా పాస్టర్‌గారు "మలావీ దేశం నుంచి పిలుపు వచ్చింది, జట్టులో నువ్వూ రావాలి" అన్నప్పుడు కూడా అంతే. సేవ సంగతి తర్వాత, ముందు ఆ దేశం ఎట్లా ఉంటుందో చూడాలని ప్రాణం లాగింది. దేవుడికి ఎట్లాగూ తెలుసు, మీ దగ్గర దాచడం ఎందుకు.

జట్టు ముగ్గురమే. పాస్టర్‌గారు గుంటూరు వైపు మనిషి. రైల్వేలో పనిచేసి, రిటైరయ్యాక పూర్తిగా పరిచర్యలోకి వచ్చారు. రెండో మనిషి రూతమ్మక్క. నాగారంలో ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. స్కూల్లో ఆయాగా చేసి మానేసింది. పిల్లలకు కథలు చెప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె గొంతు ముందు నేను మైకు పెట్టడం శుద్ధ దండగ. మూడో మనిషిని నేను.

బయల్దేరే ముందు ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మలేరియా రాకుండా మాత్రలు రాశాడు. "వారానికి ఒక్కటే. ప్రతి వారం ఒకే రోజు వేసుకోవాలి. పరగడుపున వద్దు, కడుపునిండా తిన్నాకే. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మానొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. పాస్టర్‌గారు మందుల పెట్టె నా చేతికిచ్చి, "దాసూ, ఇది నీ పూచీ" అన్నారు. వచ్చే దారిలో హబ్సిగూడలో భోంచేసి ముగ్గురం మొదటి మాత్ర వేసుకున్నాం. ఆ రోజు శుక్రవారం. అంటే మా మాత్ర రోజు శుక్రవారం అయింది.

మా వాళ్ళకు శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఇంటి దగ్గర ఉన్నప్పుడు వీలైతే ఉంటాం, లేకపోతే లేదు. సేవకు బయటికి పోతే మాత్రం తప్పనిసరి. పొద్దున్నుంచి సాయంత్రం కూటం ముగిసేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టం. ఈ రెండూ ఒకే రోజు పడ్డాయన్నది ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. కాదు, ఇద్దరికి తట్టలేదు, ఒకరికి తట్టింది. ఆ ఒక్కరి సంగతి తర్వాత వస్తుంది.

జనవరి దాదాపు అంతా మలావీలోనే. మన దగ్గర చలి, అక్కడ వానలు. ఒక చిన్న బస్సు ఇచ్చారు. దాని నెత్తిన టార్పాలిన్ కప్పిన నా స్పీకర్ల పెట్టె, లోపల మేం ముగ్గురం, మమ్మల్ని పిలిచిన అక్కడి పాస్టరు, దారిలో ఎక్కి దిగే విశ్వాసులు. ఒక్కో ఊళ్ళో రెండు రోజులు. మట్టి అచ్చం మన కీసర దిక్కులాగే ఎర్రగా ఉంటుంది. వాన పడిందంటే మాత్రం చక్రాన్ని మింగేస్తుంది. అప్పుడు అందరం దిగి నెట్టడమే, పాస్టర్‌గారితో సహా. ఎదురైన ప్రతి మనిషీ "మూలి బ్వాంజి" అంటాడు, ఎట్లున్నారు అని. అడిగి పోడు, మనం జవాబు చెప్పేదాకా నిలబడతాడు. తర్వాత మనం అతన్ని అడగాలి, అతను చెప్పాలి. మోకాలి లోతు బురదలో బస్సు నెడుతున్నా సరే, ఇది అయ్యాకే మిగతా పని. నాకది భలే నచ్చింది. ఉప్పల్ రింగు రోడ్డు మీద ఇట్లా మొదలుపెడితే ఒక్కడు కూడా టైముకు ఆఫీసుకు చేరడు.

రూతమ్మక్క కథలు చూసి తీరాలి. ఆమె తెలుగులో చెబుతుంది. పాస్టర్‌గారు దాన్ని ఇంగ్లీషు చేస్తారు, అక్కడి పాస్టరు వాళ్ళ చిచేవా భాషలోకి మారుస్తాడు. ఒక నవ్వుల మాట మూడు స్టేషన్లు దాటి పిల్లలకు చేరాలి. పిల్లలు అంతదాకా ఆగితేగా! ఆమె కళ్ళు తిప్పి చేతులాడించగానే తెలుగు మాటకే పడి పడి నవ్వేవాళ్ళు. ఇంగ్లీషు ఇంకా నోట్లోనే ఉండేది.

"మిమ్ముల ఎందుకు దెచ్చుకున్నమో నాకు సమజైతలేదు అయ్యగారూ" అని ఆమె పాస్టర్‌గారిని ఏడిపించేది.

అక్కడి తిండి మక్కపిండి ముద్ద. న్సీమా అంటారు. చేత్తోనే తింటారు, గుమ్మడాకు కూరతోనో, సరస్సులో పట్టి ఎండబెట్టిన వేలెడు చేపలతోనో. ఆ ఎండుచేపలు చూడగానే రూతమ్మక్క సంచిలోంచి చింతపండూ కారం పొట్లం బయటికి తీసింది. నాగారం నుంచి వాటిని ఎందుకు మోసుకొచ్చిందో అప్పుడు తెలిసింది. పులుసు పెట్టి మేం దిగిన ఇంటావిడకు పోస్తే, ఆమె ఒక చుక్క నాలుకమీద వేసుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే దగ్గుతూ నవ్వుతూ గిన్నె మళ్ళీ చాపింది.

ఇట్లా తిరుగుతుండగా మొదటి శుక్రవారం పొద్దున మందుల పెట్టె తెరిచాను. అప్పుడు తట్టింది నాకు, ఈరోజు ఉపవాసం, మాత్రేమో తిన్నాక వేసుకోవాల్సింది. సాయంత్రం తిన్నాక ఇద్దాంలే అనుకున్నాను. సాయంత్రం కూటం, తర్వాత ప్రార్థన కోసం క్యూ కట్టిన జనం, ఇద్దరు ముగ్గురు నా మైకు పట్టుకుని పాడతామని ఒకటే గోల. తినీ తినక పడుకున్నాం. శనివారం ఇవ్వబోతే రూతమ్మక్క చేతులడ్డం పెట్టింది.

"బస్సుల వద్దురా దాసూ. మొన్న హబ్సిగూడల మింగినందుకే కడుపుల తిప్పింది. గీ గుంతల బాటకు కక్కుకుంట సావాలె. రేపియ్యి."

రేపు ఆదివారం, మూడు ఊళ్ళల్లో మూడు కూటాలు. సోమవారానికి నాకు నేనే చెప్పుకున్నాను, ఎట్లాగూ శుక్రవారం వస్తుందిగా, అప్పుడు సరిగ్గా మొదలుపెడదాం అని. శుక్రవారం వచ్చింది, మళ్ళీ ఉపవాసంతోనే వచ్చింది. మిషన్‌కు నూనె పోయడం ఒక్క రోజు మరిచిన ఆపరేటర్లను నేను ఫ్యాక్టరీలో ఎన్ని తిట్లు తిట్టి ఉంటానో! రెండు వారాలు తిరిగేసరికి ఆ మందుల పెట్టె స్పీకర్ల పెట్టె అడుగున చేరింది. ఎవరూ అడగలేదు. నా పూచీ కదా, నేను చూసుకుంటానని వాళ్ళ ధైర్యం.

సరస్సు ఒడ్డు ఊళ్ళో మమ్మల్ని ఉంచుకున్న ఇంటావిడ ఒక రోజంతా లేవలేదు. ఏమైందమ్మా అంటే "మలుంగో" అంది, మనం జలుబు అన్నంత తేలిగ్గా. మలేరియా అని అక్కడి పాస్టరు విడమరిచి చెప్పాడు. నాకు ఆరా ఎక్కువ కదా, మందు వాడారా అని అడిగించాను. పొద్దున్నే నడిచి వెళ్ళి పరీక్ష చేయించుకుని మందు తెచ్చుకుందట. ఆ జ్వరంతోనే లేచి వచ్చి, నా దోమతెర అంచులు పరుపు కిందికి ఎట్లా దోపాలో చేసి చూపించింది. ఆ తెర ఒకే కొక్కేనికి అంత గుండ్రంగా ఎట్లా వేలాడుతుందో కూడా పరిశీలనగా చూశాను. అడుగున పడున్న పెట్టె మాత్రం గుర్తు రాలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఇల్లు చేరాం. ఆ వచ్చే ఆదివారం ఆరాధనలో పాస్టర్‌గారు, "దాసూ, నువ్వు రెండు మాటలు సాక్ష్యం చెప్పు" అన్నారు. సాక్ష్యం అంటే దేవుడు మన బతుకులో చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడం. ఇన్నేళ్ళూ వైర్ల వెనక కూర్చున్నవాణ్ణి, మైకు నా చేతికి రాగానే ఒళ్ళు మరిచాను. ముందురోజు సామాన్లు సర్దుతుంటే దొరికిన మాత్రల అట్టలు చొక్కా జేబులో ఉన్నాయి, పాస్టర్‌గారికి తిరిగిద్దామని పెట్టుకున్నవి. వాటిని తీసి అందరికీ కనపడేట్టు పైకెత్తాను.

"మూడున్నర వారాలు తిరిగినం. బురదల తిరిగినం, దోమలల్ల పన్నం. ముగ్గురిల ఒక్కలకు తలకాయ నొప్పి గూడ రాలే. ఇగో, మాత్రల అవసరమే వడలే!"

స్తోత్రం, స్తోత్రం అని హాలు మారుమోగింది. ముందు వరుసలో రూతమ్మక్క రెండు చేతులూ ఎత్తింది. పాస్టర్‌గారి ముఖం ఎందుకో చిన్నబోయింది, నేను ఎక్కువసేపు మాట్లాడాననుకున్నాను. కూటమయ్యాక మల్లాపూర్ నుంచి వచ్చే ఒక కుటుంబం నా దగ్గరికొచ్చి, మీ సాక్ష్యం విన్నాక భయం పోయింది, వచ్చే జట్టులో మేమూ పేర్లిస్తాం అన్నారు. ఇంటికి పోతుంటే నా కాళ్ళు నేలమీద లేవు.

పది రోజులకు, ఒక మంగళవారం, లేత్ మిషన్ ముందు నిలబడి ఉండగా చలి మొదలైంది. ఎండ కాస్తోంది, పక్కవాడు చొక్కా తీసి బనీనుతో పనిచేస్తున్నాడు, నాకు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంటికి తెచ్చి మూడు దుప్పట్లు కప్పారు. గంట తర్వాత ఒళ్ళు పెనం. ఆ తర్వాత పరుపు తడిసేంత చెమట. చెమట పట్టాక ఏమీ కానట్టు లేచి కూర్చుని చాయ్ అడిగాను. నాకు భలే వింతగా అనిపించింది. క్యాలెండర్ వెనక గీతలు గీసి, చలి ఎన్నింటికి, కాక ఎన్నింటికి, చెమట ఎన్నింటికి అని రాయడం మొదలుపెట్టాను. రెండు రోజులు షిఫ్టు సైరన్ కొట్టినట్టు ఒకే టైముకు వచ్చింది. జ్వరం లెక్క పట్టేశానని లోపల కొంచెం గర్వం కూడా. మూడో రోజు అది లెక్క తప్పింది. ఇక దిగనే లేదు.

గల్లీ చివర క్లినిక్ డాక్టరు నాడి చూస్తూ, "ఈ మధ్య ఎక్కడికన్నా వెళ్ళొచ్చారా?" అని అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నాకు బాగా తెలుసు, ఇప్పుడు చెబుతున్నాను. ఎత్తి చూపిన ఆ అట్టలు కళ్ళముందు మెదిలాయి. ఒక్కరికీ తలనొప్పి రాలేదని సంఘమంతా స్తోత్రం చేసింది. ఇప్పుడు మలేరియా అంటే ఆ స్తోత్రాలన్నీ ఏం కావాలి? నన్ను చూసి పేర్లిచ్చిన ఆ కుటుంబం ఏమనుకోవాలి? ఇది మామూలు జ్వరమే అయి ఉండాలని కోరుకున్నాను, కోరుకుని దానికి తగ్గట్టు జవాబిచ్చాను. వినోద నా పక్కనే ఉంది. ఆమె నేలచూపులు చూసింది. డెంగీ పరీక్ష చేశారు, లేదన్నారు. జ్వరం మాత్రలిచ్చి పంపారు. మర్నాడు మళ్ళీ వెళితే మళ్ళీ అడిగాడు, మళ్ళీ లేదన్నాను.

అయిదో రోజు యాదగిరి చూడవచ్చాడు. నా పక్క మిషన్ మీద పనిచేస్తాడు, భువనగిరి దగ్గరి ఊరు. చర్చితో అతనికి సంబంధం లేదు, నా సాక్ష్యం సంగతి తెలియదు. నన్ను చూడగానే అతని ముఖం మారిపోయింది.

"గిదేందన్నా, కండ్లు పసుప్పచ్చగ అయినయ్! వదినా, గిట్ల ఇంట్ల పండవెట్టుకుంటరా ఎవలన్న? ఆటో పిలుస్తున్న, లెవ్వుండ్రి."

హబ్సిగూడ రోడ్డు మీద ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, చకచకా అడుగుతోంది. ప్రయాణాలేమైనా చేశారా అనగానే నాకు నోటికి అలవాటైపోయినట్టు "లేదు మేడం" వచ్చేసింది. యాదగిరి నా వైపు తిరిగి నోరు తెరిచాడు.

"లేదంటవేందన్నా? జ్వరం తలకెక్కిందా ఏంది? మేడం, గీనె మొన్న మొన్ననే ఆఫ్రికా వోయొచ్చిండు. నాకు గిది గూడ దెచ్చిండు సూడుండ్రి!" అని బండి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు. దానికి నేను తెచ్చిచ్చిన చెక్క ఏనుగు వేలాడుతోంది.

డాక్టరమ్మ ఏనుగును చూసింది, నన్ను చూసింది. నర్సును పిలిచి రక్తం తీయించింది. గంటలోపు వచ్చి, "మలేరియా. అందులో గట్టి రకం. రేపు తీసుకొస్తే నేను చేసేది పెద్దగా ఉండేది కాదు" అంది. యాదగిరికి నేను రుణపడ్డ సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు, చెబితే ఊరుకోడు.

ఆ తర్వాత ఐసీయూలో గడిచిన రెండు రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. మిషన్ల చప్పుడు వింటూ బస్సులో ఉన్నాననుకుని, దిగి నెట్టండి అని అరిచానట. బయట ఇనుప కుర్చీల్లో వినోద కూర్చుంది. ఆమె ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేదాకా ఆ కుర్చీలో యాదగిరి కూర్చునేవాడట, డ్యూటీ దిగి నేరుగా వచ్చి. "మా దేవునికి గూడ మొక్కిన వదినా. మీ దేవునికేం కోపం రాదు గద?" అని అడిగాడట. రాదులే అని చెప్పిందట వినోద, ఏడుస్తూ నవ్వుతూ.

మూడో రోజు వార్డులోకి మార్చారు. తల తేటపడింది, దాంతోపాటే పాత బుద్ధీ తిరిగొచ్చింది. రక్తం తీయడానికొచ్చిన ల్యాబు అమ్మాయిని, ఆ క్రిమి ఎట్లా ఉంటుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, చక్రాల కుర్చీలో ల్యాబుకు తోయించి, మొదటి రోజు నా రక్తం గాజుపలక మైక్రోస్కోపు కింద పెట్టింది.

"కన్ను దగ్గర వెట్టుండ్రి అంకుల్. గుండ్రంగ కనవడేటియి మీ రక్తకణాలు. వాటి లోపట చిన్న చిన్న ఉంగరాలున్నయ్ సూడుండ్రి, గవే."

చూశాను. ఎంత ముద్దుగా ఉన్నాయో ఆ ఉంగరాలు! ఒక్కో కణంలో ఒకటి, కొన్నిట్లో రెండు. నేను లేదు, లేదు అంటుంటే ఇవి లోపల కూర్చుని పెరుగుతున్నాయి. చాలాసేపు కన్ను తీయలేదు. నాకు భయంకన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

ఆ మధ్యాహ్నం వినోద జావ తాగిస్తూ మాటల్లో అంది. "సంఘమంత నీ కోసం ప్రార్థన జేస్తున్నరు. రూతమ్మక్కనైతే మూడు దినాల సంది ఉపవాసమే. నువ్వు లేసేదాక ముద్ద ముట్టనన్నదట. పాపం, ఆమెకు గూడ ఒంట్ల మంచిగ లేదట. చలి వెట్టి జ్వరమొస్తుందట. అయినా వినలే."

ఆమె చేతిలో గ్లాసు తీసి పక్కకు పెట్టాను. "చలి వెట్టి" అన్న మాట దగ్గరే నాకు సంగతి తెలిసిపోయింది.

"ఫోన్ జెయ్యి" అన్నాను.

చేసింది. స్విచ్చాఫ్. ఉపవాస ప్రార్థనలో కూర్చుంటే ఆమె ఫోన్ ఆపేస్తుంది, మా అందరికీ తెలుసు. అప్పుడు వినోదకు మొత్తం చెప్పాను. మాత్రలు మిగిలింది దేవుడు కాపాడినందుకు కాదు, నేను ఇవ్వనందుకు. నాకే కాదు, రూతమ్మక్కకూ ఇవ్వలేదు. నా సాక్ష్యం విని ఆమె ఈ జ్వరం మలేరియా కాదని నమ్ముతోంది. నమ్మి, నా కోసం కడుపు మాడ్చుకుంటోంది.

వినోద పక్కకు పెట్టిన గ్లాసు తీసి కడిగొచ్చింది. తర్వాత, "నువ్వు డాక్టర్‌కు లేదన్నప్పుడు నేను గూడ నోరు మూసుకున్న. ఇజ్జత్ వోతదనుకున్న. నీ పానం మీదికొచ్చేదాక మూసుకునే ఉన్న" అంది. ముఖం కొంగుతో తుడుచుకుని, "నేనే పోత నాగారం" అని లేచింది.

ఆమె గుమ్మం దాటకముందే పాస్టర్‌గారు పండ్ల సంచితో లోపలికొచ్చారు. ఆయనకూ అదే చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన మంచం అంచున కూలబడ్డారు.

"నాకు తెలుసు తమ్ముడూ" అన్నారు.

"ఏం తెలుసు అయ్యగారూ?"

"మీరు మాత్రలు వేసుకోలేదని. ఆ ఆదివారం నువ్వు అట్టలు పైకెత్తినప్పుడే తెలిసింది. నా మాత్రలు నేను వేసుకున్నాను కదా. బయల్దేరే ముందే ఒక అట్ట విడిగా తీసి దాచుకున్నాను. నాకు చక్కెర జబ్బు, పదేళ్ళ నుంచీ. ఉపవాసం ఉంటే కళ్ళు తిరిగి పడిపోతాను. అక్కడ ప్రతి శుక్రవారం మీరు లేవకముందే అరటిపళ్ళూ బిస్కెట్లూ కడుపునిండా తిని మాత్ర వేసుకునేవాణ్ణి. ఆ ఆదివారమే లేచి చెప్పాల్సింది. చెబితే, ఉపవాసం రోజు నువ్వెట్లా వేసుకున్నావయ్యా అంటారని ఊరుకున్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనిషిని మందు కాపాడుతుందా, దేవుడు కాపాడతాడా అని నాతో వాదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ గదిలో నాకు అర్థమైంది వేరు. దేవుడు డాక్టరు చేత చెప్పించాడు, మాత్ర చేతిలో పెట్టించాడు. ఆ తర్వాత మేమిద్దరం మంచి పేరు కోసం నోళ్ళు కట్టేసుకున్నాం. పాస్టర్‌గారు లేచి సంచి తీసుకున్నారు. "నేను వెళతాను. నా మాట వింటుంది" అన్నారు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన యాదగిరి బండి మీద కుషాయిగూడ మీదుగా నాగారం పోయారు.

అక్కడ జరిగింది యాదగిరే చెప్పాడు. "తలుపు దీసేతందుకే ఆమెకు శాత కాలేదన్నా. చాప మీద ముడుసుకుని ఉన్నది, ఒళ్ళు నిప్పు. దవాఖానకు నడువమ్మా అంటే, దాసు లేసేదాక నేను లెవ్వనంటది. మీ అయ్యగారు ఏం జేసిండో ఎర్కనా? ఆమె ముంగట కింద కూసోని అరటిపండు ఒలుసుకొని తిన్నడు. పదేండ్ల సంది నేను ఉపవాసం ఉంటలేనమ్మా అని జెప్పిండు. ఆమె మొకం జూడాలె నువ్వు! నాకైతే ఏం సమజ్ కాలే. గప్పుడు ఆమె ఒక్కటే అడిగింది, దాసు బతికిండా అని. బతికిండు, జావ తాగుతుండు అన్న. గట్లయితే తింట అని చెయ్యి సాపింది. సగం పండు తిని లేవవోయి పడ్డది. ఆటోల ఏసుకొచ్చినం."

ఆమెను అదే ఆసుపత్రిలో చేర్చారు. అదే జబ్బు, నాకన్నా ముదిరింది. వయసు, ఆపైన మూడు రోజులు తిండి లేని ఒళ్ళు. మూత్రపిండాలు పని ఆపేశాయి, డయాలసిస్ మిషన్ పెట్టాలన్నారు. నన్ను రెండో రోజు ఇంటికి పొమ్మన్నారు, నేను పోలేదు. వినోద కూర్చున్న ఆ ఇనుప కుర్చీల్లోకే వచ్చి కూర్చున్నాను. మంచం మీద ఉన్నప్పుడు జ్వరమే తప్ప వేరే పని లేదు నాకు. కుర్చీలో అసలు సంగతి తెలిసింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేవాణ్ణి. లోపల మిషన్ చేసే చప్పుడు నాకు తెలుసు, అది ఎట్లా రక్తాన్ని తీసి వడగట్టి తిరిగి పంపుతుందో నర్సును అడిగి తెలుసుకున్నాను. మామూలుగా ఒక యంత్రం అర్థమైతే నాకు భయం పోతుంది. ఈసారి పోలేదు.

ఆ కుర్చీల్లోంచే ఆదివారం చర్చికి పోయాను. పాస్టర్‌గారు ముందు తన సంగతి చెప్పారు, తర్వాత మైకు నాకిచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. ఒక పెద్దాయన మాత్రం వెనక నుంచి లేచి, "గా మాత్ర పేరేందో చెప్పు కొడుకా, నా మనుమడు సుడాన్ దిక్కు కొలువుకు పోతుండు" అన్నాడు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పేరు డాక్టరు చెబుతాడు, దేశాన్ని బట్టి మారుతుంది. సేవకు పోండి, కూలికి పోండి, యాత్రకు పోండి, ఏ రోజు వేసుకోమంటే ఆ రోజే వేసుకోండి. మీ ఉపవాసం రోజు ఏదో ముందే ఆయనకు చెప్పండి. వచ్చాక జ్వరమొస్తే ఎక్కడికి పోయొచ్చారో అడక్కముందే చెప్పండి. మీతో వచ్చినవాళ్ళకు అదే పూట ఫోన్ చేయండి.

ఏడో రోజు రూతమ్మక్క మూత్రపిండాలు మళ్ళీ పని మొదలుపెట్టాయి. తొమ్మిదో రోజు ఆడవాళ్ళ వార్డుకు మార్చారు. వినోద మెత్తగా కిచిడి వండి డబ్బాలో ఇచ్చి, "నువ్వే తీస్కపో" అంది.

ఆమె దిండుకు ఆనుకుని ఉంది. చెంపలు లోపలికి పోయాయి. అంత గొంతూ సన్నబడింది. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ మిగల్లేదు.

"అక్కా, నీ మాత్రలు నేనే ఇయ్యలే" అన్నాను.

"ఎర్కనే. అయ్యగారు జెప్పిండు."

"నాకు జ్వరమొచ్చిన తెల్లారే నీకు చెప్పాలె. చెప్పలే. నన్ను మాఫ్ జెయ్యక్కా."

ఆమె కిటికీ వైపు చూసింది. అవతల మెట్రో రైలు ఒకటి పోయింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"దేవుడు ఎప్పుడో మాఫ్ జేసిండు గావచ్చు. ఆయనది పెద్ద మనసు. నాకు జర టైం వడ్తది దాసూ. నీ కోసం సావుకు కూసున్న నేను. నువ్వు నాకొక్క ఫోన్ జెయ్యకపోతివి."

తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాను. కాసేపటికి ఆమె చేయి నా ఒళ్ళో ఉన్న డబ్బాను తట్టింది.

"ఏడుస్తే ఏడువు గని, గది తియ్యి ముందుగాల. సల్లారిపోతది. నా చేతులు వణుకుతున్నయ్, నువ్వే తినిపియ్యి."

మూత తీశాను. మొదటి చెంచా ఊది ఆమె నోటికి అందించాను. ఆమె నా ముఖం చూడకుండా నమిలింది, మింగింది, మళ్ళీ నోరు తెరిచింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఊది అందిస్తూనే ఉన్నాను.